చక్రం మీద లేని పని

బస్సు ముందు బుసకొట్టింది. తరవాత తెల్లటి ఆవిరి ఊదింది. ఆ పైన, ఇక నావల్ల కాదన్నట్టు రోడ్డు పక్కకి ఒరిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లోపలికి ఒకసారి తొంగిచూసి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఆకాశం వంక చూశాడు. బండి చెడినప్పుడు డ్రైవర్లు ఆకాశం వంక ఎందుకు చూస్తారో ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎన్ని రోడ్ల మీద ఎన్ని బస్సులు ఆగినా ఆ చూపు మాత్రం ఒకటే.

ప్రయాణికులు దిగి నీడ వెతుక్కున్నారు. ఆమె కూడా దిగింది. నలభై రెండేళ్ల మనిషి, భుజాన తోలుసంచి, కాళ్లకి మందపాటి పని బూట్లు. నగరపాలక సంస్థలో మురుగునీటి విభాగం ఇంజినీరు. పక్క ఊళ్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి రెండు రోజులు పాఠాలు చెప్పి తిరిగి వస్తోంది. టిక్కెట్టు కొట్టేటప్పుడే ఆ సంగతంతా రాబట్టిన కండక్టరు, ఆపద వచ్చేసరికి ఆమెనే పిలిచాడు.

"ఇంజినీరమ్మగారూ, మీరొకసారి చూస్తారా?"

"నాది మురుగు కాలవల చదువు నాయనా. బండ్లది కాదు."

"నీళ్లు కారుతున్నాయి కదండీ. కారేవన్నీ మీ ఖాతాయే!"

నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మాట తీసెయ్యలేక బానెట్ దగ్గరికి నడిచింది. అప్పటికే అక్కడొక ముసలాయన ఉన్నాడు. వెనక సీట్లోంచి ఎప్పుడు దిగాడో ఏమో, సగం మనిషి ఇంజన్లోకి దూరిపోయి ఉన్నాడు. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యి" అన్నాడు డ్రైవరుతో. ఇంజన్ దగ్గుతూ లేచింది. ముసలాయన సంచీలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని మొన నీళ్ల పంపుకి ఆనించి, పిడి కుడిచెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు ఇనుము చప్పుడు వినే మెకానిక్కులు చాలామందే ఉంటారు. కానీ వినేటప్పుడు ఖాళీగా ఉన్న రెండో చేత్తో రెండో చెవి పట్టుకుని, తన్ను తానే శిక్షించుకుంటున్నట్టు మెలిపెట్టుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడని ఆమె ముప్ఫై మూడేళ్లుగా నమ్ముతూ వచ్చింది. ముసలాయన ఎడమచెవి అప్పటికే ఎర్రబడింది.

"పంపు బంగారంలా ఉంది. గొట్టమే పగిలింది. ఆపెయ్" అన్నాడు కళ్లు తెరిచి. "అరగంట చల్లారనివ్వాలి. ఈలోగా సీసాల్లో నీళ్లన్నీ ఎవరికి వాళ్లు తాగెయ్యకండి. బండికి కూడా దాహమే."

అరగంట అంటే చాలా సమయం. ముప్ఫై మూడేళ్లు వెనక్కి వెళ్లి రావడానికి సరిపోతుంది.

చిన్నప్పుడు ఆయన్ని ఆమె, ఆమెతోటి పిల్లలూ పిలిచిన పేరు చెవి బాబాయ్. అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అయితే ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ముందు ఒక మాట సంగతి చెప్పాలి. ఎందుకంటే, ఊళ్లో ఇళ్లన్నిటినీ ఇటుకలతో కట్టారు గానీ ఆ ఇంటిని మాత్రం ఒక మాటతో కట్టారు.

ఆ మాట యుటోపియా. ఐదువందల ఏళ్ల కిందట, చట్టం చదువుకున్న ఒక పెద్దమనిషి, తన కాలంలో పేదవాళ్ల మీద జరిగే అన్యాయాలు చూసి చూసి, ఎక్కడో సముద్రంలో అలాంటివేమీ లేని ద్వీపం ఒకటి ఉన్నట్టు ఊహించాడు. ద్వీపానికి పేరు కావాలి కదా. రెండు గ్రీకు ముక్కలు తీసుకుని అతికాడు. ఒకదానికి 'లేదు' అని అర్థం, రెండోదానికి 'చోటు' అని. లేనిచోటు! సత్రం కట్టి, గుమ్మం మీద ఇక్కడ సత్రం లేదని రాయించినట్టు. ఆ భాషలో మంచిచోటు అన్నా దాదాపు అలాగే పలుకుతుందట, అందుకని ఆ అర్థం కూడా వచ్చి దాని పక్కనే కూర్చుంది. అంతకుముందు మనుషులు కలలు కనలేదా అంటే, కన్నారు. పాలు కాలవల్లా పారే దేశాలు, వేగిన పిట్టలు తిన్నగా నోట్లోకే ఎగిరొచ్చే దేశాలు ఎన్నో జాతుల కథల్లో ఉన్నాయి. అవి ఆకలితో పడుకున్నవాళ్ల కలలు. ఈ పెద్దమనిషిది తీరిగ్గా కూర్చుని, కాయిదం పక్కన కాయిదం పెట్టి, కలని చట్టంలాగా రాసుకున్న వ్యవహారం. ఆ ద్వీపంలో తలుపులకి తాళాలుండవు. రోజుకి ఆరుగంటలే పని. పదేళ్లకోసారి చీట్లు వేసి ఇళ్లు మార్చుకుంటారు. బంగారం ఎందుకయ్యా అంటే, రాత్రిపూట మంచం కింద పెట్టుకునే కుండలు చెయ్యడానికి.

ఆ తరవాత ఆ మాట ఓడలెక్కి దేశాలన్నీ తిరిగింది. కొందరు దాన్ని జెండాలా ఎత్తారు. కొందరు తిట్టులా విసిరారు. "వాడి కబుర్లకేంలే, ఉత్త యుటోపియా" అన్నారంటే ఎదుటివాడి నోరు మూతపడ్డట్టే. చివరికి దానికే ముందు ముక్క మార్చి, చెడ్డచోటుకి కూడా ఒక మాట పుట్టించుకున్నారు. కలలు కనేవాళ్ల కంటే భయపడేవాళ్లు ఎక్కువైన కాలంలో ఆ రెండో మాటకే గిరాకీ పెరిగింది.

ఆమె నాన్న బళ్లో చరిత్ర చెప్పేవాడు. ఆ మొదటి మాటని ప్రేమించాడు. ఎంత ప్రేమించాడంటే, పదకొండు కుటుంబాల్ని పోగుచేసి, మూతపడ్డ బిస్కట్ ఫ్యాక్టరీ ఒకదాన్ని పట్టి, అందులో అందరిచేతా కాపరం పెట్టించి, ఆ ఇంటికి ఆ మాటే పేరు పెట్టేంత. పొయ్యిలుండే పెద్ద హాలు భోజనాల గది అయింది. పిండి బస్తాలు నిలవచేసే గదులు పడకగదులయ్యాయి. వాన పడితే గోడల్లోంచి తియ్యటి వాసన వచ్చేది, పిల్లలు గోడల్ని నాకేవాళ్లు. ఒక్క తలుపుకీ తాళం లేదు. అందరికీ పెద్ద ఎవరూ లేరు. హాల్లో ఒక సైకిలు చక్రం మేకుకి తగిలించి ఉండేది, దాని ఊచలకి బట్టల క్లిప్పులతో చీటీలు పెట్టేవాళ్లు. వంట, గిన్నెలు, బట్టలు, తోట, పిల్లల చదువు, మరమ్మతులు, ఇలా పదకొండు. ఆదివారం చక్రం ఒక మెట్టు తిప్పితే పదకొండు కుటుంబాల పనులూ మారిపోయేవి. కాబట్టి ఒక వారం దంతవైద్యుడు తోటపని చేసేవాడు, ఇంకో వారం ఫిడేలు మాస్టారు పైపులు బిగించేవాడు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పకూడదు. వెళ్తున్నానని చెప్పడం, సెలవు తీసుకోవడం అతిథుల పని. ఇంటిమనిషి లేచి వెళ్తాడు, వస్తాడు, అంతే. పిల్లలు బడికి పోతూ పొరపాటున చెయ్యి ఊపితే, "ఏమోయ్ చుట్టాలొచ్చారా మనింటికి?" అని పెద్దవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

చెవి బాబాయ్ ఆ ఇంటికి రావడానికి కారణం ఫిడేలు మాస్టారు. మరమ్మతుల వారంలో ఆయన కుళాయిని, ఫిడేలు తీగ బిగించినంత శ్రద్ధగా, ఇంకా ఇంకా బిగించాడు. కుళాయి విరిగి చేతికొచ్చింది. హాలంతా మోకాలి లోతు నీళ్లు. ఎవరో పరుగెత్తి ఒక ప్లంబర్ని పట్టుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయి. భార్య పోయి ఏడాది, పిల్లల్లేరు, సంచే సంసారం. పని అయ్యేసరికి భోజనాల వేళ అయింది. ఆయన అలవాటు ప్రకారం పెరట్లో నిలబడ్డాడు. నాన్న వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పొడవాటి బల్ల దగ్గర కుర్చీ లాగి, "ఇక్కడ కూర్చోండి" అన్నాడు. ఆ కూర్చున్న మనిషి నాలుగేళ్లు లేవలేదు.

మూణ్ణెల్లకి మించి ఉండేవాళ్లు చక్రం మీద చీటీ తీసుకోవాలని నియమం. ఎప్పుడు అడిగినా ఆయన నవ్వేసేవాడు. "నా వంట తింటే మీ దంతవైద్యుడికి పని పెరుగుద్ది. పాఠం చెప్పమంటారా, మీ పిల్లలకి నాకొచ్చిన తిట్లన్నీ వస్తాయి." సరే చూద్దాంలే, సరే చూద్దాంలే అంటూ పెద్దవాళ్లు వాయిదా వేశారు. నిజానికి మరమ్మతుల వారం ఎవరిదైనా, వాళ్లు బిగించి వెళ్లాక వెనకాలే వెళ్లి మళ్లీ విప్పి సరిగ్గా బిగించేది ఆయనే. ఎవరికీ తెలిసేది కాదు. పదకొండు కుటుంబాలూ తమకి ప్లంబింగు వచ్చేసిందని మురిసిపోయాయి.

కానీ అసలు పని అది కాదు. తొమ్మిదేళ్లప్పుడు, ఒక మంగళవారం తెల్లవారుజామున, ఆమె వంటింట్లోకి చక్కెర దొంగతనానికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో మ్యాన్‌హోల్ మూత పక్కకి జరిపి ఉంది. గోతిలో నడుముదాకా దిగి, జిడ్డు గడ్డల్ని బకెట్టుకి ఎత్తుతున్నాడు చెవి బాబాయ్. పదకొండు కుటుంబాల వంట జిడ్డు, అంతకుముందు ముప్ఫై ఏళ్ల బిస్కట్ల వెన్న, అన్నీ వచ్చి పేరుకునేది ఆ చాంబర్లోనే. వాసనకి ఆమె చేతిలో చక్కెర కింద పడిపోయింది.

పదకొండు చీటీలు రాసినవాళ్లకి ఈ పని గుర్తే రాలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. న్యాయం గురించి రాత్రింబవళ్లు ఆలోచించారు. పుస్తకాల్లో ఇళ్లకి మురుగు ఉండదు, అంతే.

"ఓసి దొంగపిల్లీ!" అన్నాడు ఆయన గోతిలోంచి తలెత్తి. "నువ్వు నన్ను చూడలేదు, నేను నిన్ను చూడలేదు. సరేనా?"

"ఎందుకు చెప్పకూడదు బాబాయ్?"

"చెబితే మీ నాన్న దీన్ని కూడా చక్రం మీద పెడతాడు. పెడితే ఫిడేలు మాస్టారు దిగుతాడు ఇందులోకి. దిగినవాడు మళ్లీ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని ఆ ద్వీపం కబుర్లు చెబుతాడా? నాకా కబుర్లు కావాలి. ఒట్టు వెయ్యి."

ఆమె ఒట్టు వేసింది. ఆ తరవాత ప్రతి మంగళవారం లేచేది. కిటికీ దగ్గర కూర్చుంటే ఆయన లోపల్నుంచి పాఠం చెప్పేవాడు. నీరు ఎటు పోతుంది, వాటం ఎంత ఉండాలి, గాలి పోవడానికి గొట్టం ఎందుకు కావాలి, గోతిలోకి దిగే ముందు కాసేపు మూత తీసి ఎందుకు ఉంచాలి. బళ్లో నేర్చుకున్నదంతా ఆమె మర్చిపోయింది గానీ ఆ కిటికీ పాఠాల్లో ఒక్క ముక్క మర్చిపోలేదు.

నాలుగో ఏడు చివర్లో ఒక ఆదివారం మాట వచ్చింది. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఒక్కరికి మినహాయింపు ఏమిటి, అని లేవదీసింది నాన్నే. కోపంతో కాదు, నియమం మీద ప్రేమతో. "ఈయన ఈ ఇంట్లో చేసే పని ఏమిటో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాడు. ఆమె నీళ్ల డ్రమ్ముకి వీపు ఆనించి నేలమీద కూర్చుని ఉంది. చెవి బాబాయ్ తలెత్తి సూటిగా ఆమె వంక చూశాడు. చెవి మెలిపెట్టుకున్నాడు. ఒట్టు ఉంది. కానీ ఆ చూపు? ఇప్పుడు చెప్పు అంటోందా? ఆమె చెప్పలేదు. ఆయన్ని పంపించెయ్యాలన్న మాటకి చేతులు లేచాయి. అమ్మ చెయ్యి సగం దాకా లేచి ఆగింది.

మర్నాడు ఆయన సంచి తగిలించుకుని పదకొండు గుమ్మాల ముందూ ఆగి, ఒక్కొక్కళ్లకీ "సెలవండీ" అని చెప్పి వెళ్లాడు. అతిథిలాగా. తలుపు వెనక నక్కిన ఆమెకి కూడా, తలుపు వంక చూసి, "సెలవమ్మా" అన్నాడు.

మూడోవారానికి ఇల్లు కంపుకొట్టింది. వంటవాళ్లు గిన్నెలవాళ్లనన్నారు, గిన్నెలవాళ్లు బట్టలవాళ్లనన్నారు. నాలుగేళ్లుగా ఒక్క మాట తూలని మనుషులు ఒకళ్ల వంశం ఒకళ్లు ఎత్తుకున్నారు. చివరికి నాన్న తనే మూత ఎత్తి, చొక్కా విప్పి దిగాడు. దిగినవాడు చాలాసేపు పైకి రాలేదు. లోపలి ఇటుకల మీద మేకుతో గీసిన గీతలు వరసగా, రెండు వందల పైచిలుకు. మంగళవారానికొకటి. గట్టు మీద అరిగిన సబ్బు ముక్క. పైకొచ్చి కూతురి ముందు నిలబడి అడిగాడు: "నువ్వెప్పుడైనా చూశావా?" "లేదు" అంది ఆమె. నాన్న మళ్లీ దిగాడు. కానీ అప్పటికే నోళ్లు దాటిన మాటలు వెనక్కి రావు కదా. ఏడాదిలో నాలుగు కుటుంబాలు, రెండేళ్లలో అన్నీ ఖాళీ.

ఇరవయ్యో ఏట ఆమె నాన్న అలమరలోంచి ఆ మాట పుట్టిన పుస్తకం తీసి మొదటిసారి తనంతట తాను చదివింది. సాయంత్రాలు బల్ల దగ్గర నాన్న చదివి వినిపించగా విన్నదే. ఒక పేజీ మాత్రం ఎప్పుడూ విన్న గుర్తు లేదు. ఆ ద్వీపంలో అందరూ కలిసి తినే భోజనశాలల్లో మురికి పనీ, బరువు పనీ ఎవరు చేస్తారో ఆ పేజీలో ఉంది. బానిసలు. ఆ వాక్యం పక్కన నాన్న పెన్సిలు గీత పాతబడి వెండిలా మెరుస్తోంది. తెలిసే వదిలేసేవాడన్నమాట.

ఆ ఏడే ఆమె మురుగునీటి చదువులో చేరింది. చుట్టాలు ముక్కు మూసుకుని వెక్కిరించారు. నాన్న మాత్రం నవ్వి, "దానికి మంచి గురువు చిన్నప్పుడే దొరికాడులే" అన్నాడు. లెక్కల మాస్టారి గురించి అంటున్నాడనుకుంది ఆమె. ఐదేళ్ల కిందట నాన్న పోయాడు. ఆ "లేదు" అన్న అబద్ధం ఆమె దగ్గరే ఉండిపోయింది. ఒకరికి నిజం చెప్పడానికి వేళ మించిపోయింది. రెండో మనిషి, ఇదిగో, నాలుగడుగుల దూరంలో ఇంజన్ మీద చెయ్యి వేసి వేడి చూస్తున్నాడు.

"చల్లారింది. ఎవరి దగ్గరన్నా బ్లేడుందా?" అన్నాడు.

ఆమె సంచీలోంచి చాకు తీసి ఇచ్చింది. ఆయన ఆమె మొహం చూడకుండానే అందుకుని, సంచీలోంచి పాత సైకిలు ట్యూబు తీసి పట్టీలుగా కోశాడు. గొట్టం పగిలినచోట సాగదీసి సాగదీసి చుట్టి, పైన ఇనప తీగ మెలిపెట్టాడు.

"సీలెంట్ ఏదైనా పూస్తే..." అంది ఆమె, నోరు ఊరుకోక.

"పూయొచ్చు. కొట్టు పాతిక మైళ్ల దూరంలో ఉంది. వెళ్లి తెస్తారా ఇంజినీరమ్మా?"

జనం నవ్వారు. సీసాల్లో నీళ్లు ఒక్కొక్కటిగా రేడియేటర్లో పోశారు. ఒకావిడ మాత్రం, "మా పాపకి రెండు గుక్కలుంచండి" అని సగం సీసా వెనక్కి లాక్కుంది. బండి లేచింది. కారలేదు. "మెల్లిగా పోనీ. కొత్త అల్లుణ్ని ఎక్కించుకున్నట్టు పోనివ్వాలి" అని డ్రైవరుకి చెప్పి ఎక్కి, వెనక సీట్లో తన చోటు కాక ముందు వరసలో ఆమె పక్కన కూర్చున్నాడు. కండక్టరు భక్తిగా చోటు చేసిచ్చాడు.

ఎలా మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. ముప్ఫై మూడేళ్లుగా అద్దం ముందు, స్నానాలగదిలో, మీటింగుల మధ్యలో ఎన్నోసార్లు ఈ మాటలు వల్లించుకుంది. ఒక్కటీ రాలేదు.

"మీరు... మీరు మంగళవారం కూడా పని చేస్తారా?" అంది చివరికి.

ముసలాయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "మంగళవారం చక్కెర దొంగతనం ఉంటే చేస్తా."

ఆమెకి కళ్లు మసకబారాయి. "ఎప్పుడు గుర్తుపట్టావు బాబాయ్?" మీరు కాస్తా నువ్వు అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు.

"చాకు ఇచ్చావు చూడు, పిడి నా వైపు పెట్టి. పనిముట్టు అలా ఇవ్వాలని ఎవరు నేర్పారే నీకు? మీ నాన్నా? ఆయన కత్తిపీట కూడా మొన ముందుకి పెట్టి ఇచ్చేవాడు."

"నాన్న పోయాడు."

"తెలుసు. విన్నాను."

"బాబాయ్, నేను నీకొకటి చెప్పాలి." ఇక ఆగలేదు ఆమె. "ఆ రోజు హాల్లో నువ్వు నా వంక చూశావు. చెప్పమని చూశావు. నేను చెప్పలేదు. నోరు విప్పి ఉంటే నిన్నెవరూ పంపేవాళ్లు కాదు. ఇల్లూ నిలిచేది. ఆ చూపు నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు."

ముసలాయన ఆమెవైపు తిరిగాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. "ఏ చూపే?"

"నేను నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చున్నాను. నువ్వు సూటిగా చూసి చెవి మెలిపెట్టుకున్నావు."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ తరవాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "ఓసి పిచ్చిదానా! నీ వెనక డ్రమ్ము కుళాయి కారుతోంది. చుక్కా చుక్కా. వాషరు అరిగిపోయింది. అంత జనం ఉన్నారు, ఒక్కడికైనా ఆ చప్పుడు వినపడుతోందా అని చూస్తున్నా. పైగా మరమ్మతుల వంతు ఆ వారం మీ నాన్నదే!"

"కుళాయినా?"

"మరి! పొద్దున్నే వాషరు మార్చి వెళ్లా. కారే కుళాయిని వదిలి ఎలా పోతాను?"

ఆమె నవ్వింది. ఏడ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్లు వచ్చాయి. కండక్టరు కంగారుపడి నీళ్లివ్వబోయి, నీళ్లన్నీ బండే తాగేసిందని గుర్తొచ్చి ఆగాడు.

"అసలు నువ్వు చెప్పలేదనేగా నాకు సంతోషం" అన్నాడు ముసలాయన, నవ్వు సర్దుకున్నాక. "ఆ ఇంట్లో అందరూ ఎన్నో మాటలిచ్చుకున్నారు. కాయిదాల మీద రాసుకున్నారు. నాకిచ్చిన మాట నిలబెట్టింది తొమ్మిదేళ్ల దొంగపిల్లి ఒక్కతే. ఎక్కడికెళ్లినా చెప్పుకునేవాణ్ని."

"నాన్నకి కూడా అబద్ధం చెప్పాను. గోతిలోంచి వచ్చి అడిగితే చూడలేదన్నాను. చివరిదాకా ఆయనకి తెలియలేదు."

"ఎందుకు తెలియదు?"

బస్సు గతుకులో పడి లేచింది. ఆయన ముందుకి వంగి గొట్టం చప్పుడు విని, తృప్తిపడి, వెనక్కి ఆనుకున్నాడు.

"ఇల్లు ఖాళీ అయిన రెండేళ్లకి వచ్చాడు మీ నాన్న, నన్ను వెతుక్కుంటూ. నేను బట్టలుతికే ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర ఉండేవాణ్ని. కుర్చీ లేదక్కడ. బకెట్టు బోర్లించి, ఇక్కడ కూర్చోండి మాస్టారూ అన్నా. కూర్చున్నాడు."

"క్షమించమన్నాడా?"

"మాస్టార్లకి ఆ మాట నోరు తిరగదమ్మా. 'ఒక పేజీ నేనెప్పుడూ మీకు చదివి వినిపించలేదు' అన్నాడు. నాకు చదవడమే రాదు, మీరు ఏ పేజీ మింగేశారో నాకెలా తెలుస్తుందండీ అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడడిగాడు, మా పిల్లకి తెలుసా అని. తెలుసు గానీ నాకు ఒట్టేసింది, మీరు గుచ్చి గుచ్చి అడిగి దానిచేత ఒట్టు తప్పించకండి, మీకు తెలిసినట్టు దానికి తెలియనివ్వకండి అన్నా. సరేనన్నాడు."

ఆమె కిటికీ అంచు పట్టుకుని ఉండిపోయింది. మంచి గురువు చిన్నప్పుడే దొరికాడులే. ఆ నవ్వు. ఎదురుగా ఇరవై ఏళ్లకి పైగా కూర్చుని భోజనం చేసిన మనిషి, తెలిసి, ఒక్కసారి కూడా బయటపడలేదు. ఇంత మాట నిలబెట్టుకునే మనిషి కాబట్టే కాబోలు, నియమం కోసం అంత మంకుపట్టు పట్టాడు. రెండూ ఒకే మనిషిలోవే. నాన్న మీద ఆమెకి ఎన్నడూ రానంత ప్రేమ ఆ గతుకుల రోడ్డు మీద వచ్చింది.

"నీకు కోపం రాలేదా బాబాయ్, మా మీద?"

"వచ్చింది, ఎందుకు రాదు? రెండు మైళ్లు నడిచేదాకా తిట్టుకుంటూనే వెళ్లా. తరవాత ఆకలేసింది. ఆకలేస్తే ఆ బల్ల గుర్తొచ్చింది." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "మా బావ దగ్గర పన్నెండో ఏట ఈ పని నేర్చుకున్నా. ఎన్ని ఇళ్లలో పని చేశానో! పని అయ్యాక పెరట్లో నిలబెట్టి, చేతులు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. మీ నాన్న కుర్చీ లాగాడు. నాలుగేళ్లు రోజుకి రెండుపూటలు, దంతవైద్యుడి మోచెయ్యి నా మోచెయ్యికి తగులుతుంటే తిన్నాను. ఆ ఇంటి పేరుకి లేనిచోటని అర్థమట కదా, మీ నాన్న చెప్పేవాడు. నాకెప్పుడూ అర్థం కాలేదది. లేని చోట అన్నం ఎలా తిన్నాను మరి?"

ఆమె తన ఉద్యోగం సంగతి చెప్పింది. "మా ఆఫీసులో కూడా ఒక బోర్డుంది బాబాయ్, వంతులది. ఎవరూ చెయ్యడానికి ఇష్టపడని పని మొదటి గీతలో రాస్తాం. దాని కింద మొదటి పేరు నాది."

"గోతిలోకి దిగుతావా?" గొంతులో భయం వినిపించింది.

"ఇప్పుడు మనుషుల్ని దించడం లేదు. ఆపించాను. యంత్రాన్ని దించుతాం, యంత్రం వెనక నేను నిలబడతాను. దించే ముందు మాత్రం కాసేపు మూత తీసి ఉంచుతాం."

"ఎంతసేపు?"

"నువ్వు చెప్పినంతసేపు."

ముసలాయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "యంత్రం మాట మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. మొదటి యంత్రం వచ్చిన రోజు చూడ్డానికి కూడా వచ్చాడు. దాని పక్కన నిలబడి పుస్తకం చూసినట్టు చూశాడు."

"చూస్తాడు. చూడాల్సిందే." ఆయన కళ్లు తుడుచుకున్నాడో, కంట్లో పడ్డ నలుసు తీసుకున్నాడో తెలియలేదు. "బాగుంది. చాలా బాగుందే దొంగపిల్లీ."

"మా ఇంటికి రా బాబాయ్. నాతోనే వచ్చెయ్యి. ఒక గది ఖాళీగా ఉంది. అమ్మ కూడా నాతోనే ఉంటోంది, నిన్ను చూస్తే..."

"మీ అమ్మ చెయ్యి సగమే ఎత్తింది, నాకు గుర్తుంది. అడిగానని చెప్పు." సంచీ ఒళ్లోకి తీసుకుని లోపల తడుముకున్నాడు. పానా ఉంది, స్క్రూడ్రైవర్ ఉంది, మిగిలిన సైకిలు ట్యూబు ఉంది. "ఇక్కడ బడిపిల్లల హాస్టల్లో ట్యాంకు కారుతోందట. రెండు వందల మంది పిల్లలు. పొద్దున వస్తానన్నా, ఈ బండి పుణ్యమా అని మధ్యాహ్నమైంది. ఈపాటికి మెట్లన్నీ తడిసుంటాయి."

మూడు దారులు కలిసేచోట బస్సు నెమ్మదించింది. ఆమె చెప్పవలసిన మాట ఇంకా ఒకటి ఉండిపోయింది. నా బతుకంతా నువ్వు కిటికీలోంచి చెప్పిన పాఠమే, అనాలి. చేతులు జోడించాలో, కాళ్లకి దణ్ణం పెట్టాలో, ఈ వయసులో బస్సులో అందరి ముందూ ఎలాగో అని తటపటాయిస్తోంది. ఆయన లేచాడు, సంచి భుజాన వేసుకున్నాడు, డ్రైవరు వీపు మీద ఒక్క తట్టు తట్టాడు. "కొట్టు కనపడగానే కొత్త గొట్టం వేయించు. నా కట్టు అక్కడిదాకానే" అన్నాడు. దిగాడు.

ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగింది, ఆయన తల తిప్పితే చెప్పేద్దామని. ఆయన తిప్పలేదు. సెలవనలేదు, చెయ్యి ఊపలేదు, కాస్త ఆగి సంచీ సర్దుకున్నట్టు కూడా నటించలేదు. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్తున్న మనిషిలా మట్టిదారి పట్టుకుని వెళ్లిపోతున్నాడు.

కండక్టరు తల బయటపెట్టి చూసి నోరు చప్పరించాడు. "అదేం మనిషండీ! ఇంతసేపు కబుర్లు చెప్పి, పోయొస్తానని ఒక్క ముక్కయినా అనకుండా పోతున్నాడు. మీకేమన్నా చుట్టమా?"

"చుట్టం కాదు" అంది ఆమె. ఊపడానికి ఎత్తిన చెయ్యి మెల్లిగా లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "మా ఇంట్లో ఎవరూ చెప్పి వెళ్లరండి."

దారి మలుపులో ముసలాయన ఒక్క క్షణం ఆగాడు. రోడ్డు పక్కన వీధి కుళాయి ఒకటి కారుతోంది. వంగి దాన్ని బిగించి, తిరిగి నడక సాగించాడు.